సముద్రాన్ని ఎదురుగా పెట్టుకుని చదివిన పటం

మా పెద్దమావయ్యకి పటం చదవడం రాదు. ఆ మాట ఆయనే ముందుగా చెప్పాడు. "నాకీ కాయితాలు తెల్దమ్మా, నువ్వే సెప్పు" అన్నాడు. గాజువాక దగ్గర నిర్వాసితుల కాలనీలో వాళ్ళింటి వరండాలో, నులకమంచం మీద దుప్పటి పరిచి దానిమీద టోపోషీటు, అంటే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు కొలిచి వేసిన మా ప్రాంతపు పటం, విప్పాను. ఫ్యాను గాలికి లేచిపోకుండా నాలుగు మూలలా చెంబు, కళ్ళజోడు పెట్టె, నా ఫోను, ఒక ఇటుకముక్క పెట్టాం. ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చీమంత ఉంది. వేలు పెట్టి చూపించాను. మావయ్య తల ఊపాడు గానీ ముఖంలో ఏ మార్పూ లేదు.

కాసేపయ్యాక ఆ బరువులు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టి, కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పాడు. ఉత్తరం దిక్కు ఆయన ఒళ్ళోకి వచ్చింది, సముద్రం అవతలి వైపుకి వెళ్ళింది. "సముద్రం ఎదురుగా ఉండాల గదా. మనిల్లు అటే గదా సూసేది" అన్నాడు. ఇక ఆ తర్వాత నేను చూపించాల్సిందేమీ లేకపోయింది. ఇది పెద్దచెరువు, ఇదిగో మదుం (నీళ్ళు వదిలే తూము), ఈ గట్టు మీంచే బడికెళ్ళేది, ఈ తాళ్ళలో మీ తాత కల్లు తాగేవోడు, ఇక్కడ కళ్ళం, ఇక్కడ పాముపుట్ట. ఆయన వేలు ఒక్కచోట కూడా తడబడలేదు. ఎప్పుడో నలభై ఏళ్ళ కిందట వదిలేసిన ఊళ్ళో మావయ్య ఒక గంటసేపు నడిచాడు. వెనకాలే నేనూ నడిచాను.

మా అమ్మ వాళ్ళ ఊరు ఇప్పుడు లేదు. విశాఖ ఉక్కు కర్మాగారం కోసం ఖాళీ చేసిన 64 ఊళ్ళలో అదొకటి. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ ఊరి వాళ్ళు కొందరు ఇంకా ఆర్-కార్డుల కోసం (ప్లాంటులో ఉద్యోగానికి నిర్వాసితులకి ఇచ్చే పునరావాస కార్డులు), నష్టపరిహారం కేసుల కోసం తిరుగుతున్నారు. పేరు రాస్తే మనుషులు తెలిసిపోతారు. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అంటూ రాష్ట్రమంతా కదిలింది. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ఇందిరాగాంధీ ప్రకటన చేశారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992లో ప్లాంటుని జాతికి అంకితం చేశారు. ఈ తేదీలు మా ఇంట్లో పిల్లలకి కూడా కంఠతా వచ్చు. ప్లాంటు మీద మా వాళ్ళకి కోపం లేదు. ఆర్-కార్డు మీద ఉద్యోగం వచ్చి నిలదొక్కుకున్న ఇళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నాయి, కార్డు చేతిలో పట్టుకుని ముసలివాళ్ళైపోయిన వాళ్ళూ ఉన్నారు. కానీ ఈ తేదీలన్నిటి మధ్య మా ఊరు ఎక్కడుండేది, ఎలా ఉండేది అని అడిగితే చూపించడానికి ఒక్క కాగితం మా ఇంట్లో లేదు. కనీసం ఒక ఫొటో కూడా లేదు. అమ్మ పోయాక ఆ లోటు నన్ను నిద్రపోనివ్వలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇది. ఇలాంటి ఊళ్ళ గతం వెతకాలంటే పాత టోపోషీటుని మించిన మొదటి మెట్టు లేదు. అయితే ఆ ఊళ్ళో బతికిన మనిషి పక్కన లేకుండా దాన్ని చదివితే సగం తప్పు చదువుతాం. ఆ మనుషులకి ఇప్పుడు డెబ్బై దాటాయి. పటం ఇంకో వందేళ్ళు లైబ్రరీలో భద్రంగా ఉంటుంది. ముందు మనుషుల దగ్గరికి వెళ్ళాలి, అదీ ఈ సంవత్సరమే.

టోపోషీటు ఎప్పుడూ చూడనివాళ్ళకి నాలుగు మాటలు. దేశం మొత్తాన్ని 4 డిగ్రీల చదరాలుగా విడగొట్టి నంబర్లు వేశారు. మన వైపుది 65. దాన్ని 16 ముక్కలు చేసి ఎ నుంచి పి దాకా అక్షరాలు పెట్టారు. ఆ అక్షరాలు పుస్తకంలో లాగా అడ్డంగా నడవవు, పైనుంచి కిందికి దిగుతాయి. అది తెలియక నేను మొదట వారం రోజులు తప్పు ముక్కలో వెతికాను. విశాఖపట్నం 65 ఓలో వస్తుంది. దాన్ని మళ్ళీ 16 ముక్కలు చేస్తే గాజువాక, కణితి, అప్పికొండ ఉండేది 65 ఓ/2. పాత షీట్లు అంగుళానికి మైలు లెక్కన, అంటే 1:63,360 స్కేలులో ఉంటాయి. మెట్రిక్ పద్ధతి వచ్చాక 1:50,000 అయింది. రెండు సెంటీమీటర్లకి ఒక కిలోమీటరు. ఒక్క షీటులో 700 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల పడుతుంది. ఇళ్ళు ఎరుపు, సాగుభూమి పసుపు, చెట్టూచేమా ఆకుపచ్చ, ఎత్తుపల్లాల గీతలు గోధుమరంగు. తాటిచెట్టుకి ఒక బొమ్మ, వెదురుకి ఇంకొకటి. గుడికి, మసీదుకి, చర్చికి, సమాధికి వేరువేరు గుర్తులు. చెరువు గట్టు పక్కన చిన్న అంకె, దాని వెంట ఆర్ అనే అక్షరం ఉంటే, చుట్టుపక్కల నేల కంటే ఆ గట్టు అంత ఎత్తు అని అర్థం. ఒక పల్లెటూరి చెరువు గట్టు ఎత్తుని కూడా ఎవరో కొలిచి రాసిపెట్టారని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఆ కొలతల వెనక పెద్ద కథే ఉంది. సర్వే ఆఫ్ ఇండియా 1767లో మొదలైంది. 1802లో లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర నేల మీద ఒక తిన్నని గీతని అతి జాగ్రత్తగా కొలిచి, దాని కొసల నుంచి కొండల మీదికి చూపు సారించి కోణాలు తీస్తూ, త్రికోణం పక్కన త్రికోణం అల్లుకుంటూ పోయాడు. ఒక్క భుజం పొడవు తెలిస్తే మిగతావన్నీ కోణాలతోనే లెక్క తేలతాయి. ఆ అల్లిక సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి మధ్యమధ్యలో మళ్ళీ నేల కొలవాలి. అలా కొలిచిన బేస్‌లైన్లలో ఒకటి మన విశాఖపట్నం పేరు మీదే ఉంది, 1862-63 నాటిది. చిన్నప్పుడు సెలవుల్లో కొండెక్కితే పైన కనిపించే చెక్కుడు రాయిని మేం హద్దురాయి అనుకునేవాళ్ళం. షీటులో చిన్న త్రికోణం, మధ్యలో చుక్క, పక్కన ఎత్తు చూశాక అదేమిటో తెలిసింది.

షీటు చేతిలోకి రాగానే చూడాల్సింది ఊరిని కాదు, అంచుని. అక్కడ సర్వే చేసిన సంవత్సరం ఒకటి, అచ్చువేసిన సంవత్సరం ఒకటి ఉంటాయి. రెంటికీ మధ్య పదేళ్ళు, ఇరవై ఏళ్ళు తేడా ఉండొచ్చు. పాత సర్వే మీదే కొత్త రైలు పట్టాలో, రోడ్డో కలిపి మళ్ళీ అచ్చు వేసేవాళ్ళు. అలా ఒకే కాగితం మీద రెండు కాలాలు కలిసిపోతాయి. మన ప్రాంతంలో తేదీ పట్టుకోవడానికి మంచి గుర్తులున్నాయి. మద్రాసు నుంచి కలకత్తా వైపు రైలుమార్గం 1890ల నాటిది. హార్బరు 1933లో మొదలైంది. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే రైలుమార్గం 1960ల్లో వేశారు. పోర్టు ఉన్నచోట ఇంకా చిత్తడినేల గీసి ఉంటే అది హార్బరు తవ్వకముందు సర్వే అన్నమాట. ఇంత తేలిగ్గా తెలుస్తుంది. అయినా పాత పటం చూపిస్తూ "ఇది 1940 నాటి మా ఊరు" అని ఫేస్‌బుక్‌లో పెట్టేవాళ్ళు అంచుని కత్తిరించేసి మరీ పెడతారు. దయచేసి ఆ పని చేయకండి. అంచు లేని పటం తేదీ లేని ఉత్తరం లాంటిది.

ఇంకొక సంగతి ఎవరూ నాకు చెప్పలేదు, మావయ్య మాట వల్ల తెలిసింది. సర్వే వాళ్ళు వానలు తగ్గాక బయల్దేరి, వానలు మొదలయ్యేలోపు పొలాలు, కొండలు తిరిగేవాళ్ళు. వానాకాలం ఆఫీసులో కూర్చుని పటం గీసేవాళ్ళు. అంటే టోపోషీటులో మనకి కనిపించేది చలికాలపు ఊరు, ఎండాకాలపు ఊరు. భాద్రపదంలో ఆ ఊరు ఎలా ఉండేదో సర్వేయరు చూడనే లేదు. ఏడాదిలో ఎక్కువ భాగం ఎండిపోయి ఉండే గెడ్డని, అంటే వాగుని, షీటులో నల్ల గీతగా గీస్తారు. నీళ్ళు నిలకడగా ఉండేదాన్నే నీలంతో గీస్తారు.

ఇది ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, నా ఇల్లే ఆ నల్లగీత మీద ఉంది.

మేం ఇప్పుడుంటున్నది గాజువాక అవతల ఒక లేఅవుటులో. స్థలం కొన్నప్పుడు అమ్మినాయన "మెట్టభూమండీ, చుక్క నీరు నిలవదు" అన్నాడు. మేం కొన్నది మార్చి నెలలో. మొదటి అక్టోబరులోనే హాల్లోకి నీళ్ళొచ్చాయి. ఆ తర్వాత దాదాపు ప్రతి ఏడాదీ తుపాను కబురు వినగానే ఫ్రిజ్ కింద ఇటుకలు పెట్టడం, బియ్యం డబ్బా అటక ఎక్కించడం మాకు అలవాటైపోయింది. వీధిలో ఒక్కొక్కరూ ఒక్కొక్క కారణం చెప్పేవాళ్ళు. కాలువ పూడిక తీయలేదని ఒకరు, రోడ్డు ఎత్తు చేశారని ఒకరు. నేను షీటు మీద మా వీధిని పోల్చుకున్నప్పుడు అక్కడ సన్నని నల్లగీత కనిపించింది. అది కాలిబాట అనుకుని వదిలేశాను. మావయ్యకి చూపిస్తే "బాటేటమ్మా, అది గెడ్డ. శ్రావణమాసంలో దాటలేక బడి ఎగ్గొట్టేవోళ్ళం. ఒకపాలి మా గేదె కొట్టుకుపోయి రెండు మైళ్ళ అవతల దొరికింది" అన్నాడు. నేను పటం ముందు పెట్టుకుని కూడా చూడలేకపోయినదాన్ని ఆయన ఆ గేదె వల్ల గుర్తుపెట్టుకున్నాడు.

మన ఊళ్ళ పేర్లే ఈ మాట అరిచి చెబుతున్నాయి. గాజువాక, హనుమంతవాక అన్న పేర్లలో వాక అంటే ఏరు. ఆరిలోవ, ముడసర్లోవలో లోవ అంటే కొండల నడుమ పల్లం. ఏరు పారే చోట, పల్లం ఉన్న చోట ఇళ్ళు కట్టుకుని వరద వచ్చిందని ఆశ్చర్యపోతున్నాం. లేఅవుటు అనుమతి ఇచ్చే ముందు ఆ స్థలాన్ని అంగుళం-మైలు షీటు మీద, 1:50,000 షీటు మీద పెట్టి చూడటం తప్పనిసరి చేయాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. అందుకు కొత్త టెక్నాలజీ అక్కర్లేదు, కావలసిందల్లా ఒక పూట పని. నల్లగీతని కూడా నీలిగీతంత గౌరవంగా చూడాలి. నలభై లక్షలు పెట్టి ఇల్లు కొనేవాళ్ళకి ఆ కాగితం చూపించడం కనీస ధర్మం.

ఇక నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి, ఇదే పని చేద్దామనుకునేవాళ్ళకి పనికొస్తుంది. మొదట్లో నేను ఎవరి ఇంటికి వెళ్ళినా ముందు పటం పరిచేదాన్ని. అచ్చులో ఉన్న కాగితం చూడగానే పెద్దవాళ్ళకి ఒక రకమైన బెరుకు వస్తుంది. "ఇందులో ఒకటే బావి ఉందా? అయితే ఒకటే ఉండేదేమోలే" అని తమ జ్ఞాపకాన్ని తామే సర్దేసుకుంటారు. మావయ్య లాంటి మొండిమనిషి తప్ప ఎవరూ కాగితాన్ని ఎదిరించరు. మూడిళ్ళు తిరిగాక ఈ సంగతి అర్థమైంది. అప్పట్నుంచి ముందు ఊరిని వాళ్ళచేతే గీయిస్తున్నాను, పటం సంచిలోంచి ఆఖర్న తీస్తున్నాను.

మా చిన్నమ్మమ్మ కాగితం మీద గీయనంది. పెన్ను పట్టుకోవడం రాదంది. సాయంత్రం వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లాక ముగ్గు గిన్నె తెచ్చుకుని కూర్చుంది. ముందు చెరువు వేసింది, ఒక్క గీతలో, చెయ్యి ఎత్తకుండా. దాని పక్కన నూకాలమ్మ గుడికి ఒక చుక్క. చుక్క పక్కన చింతచెట్టు. తర్వాత బట్టలుతికే బండ, మంచినీళ్ళ బావి, ఆ బావి దగ్గరికి ఇంటి వెనక నుంచి వెళ్ళే సందు. ఇళ్ళు అన్నిటికంటే ఆఖర్న వేసింది. అవి కూడా యజమాని పేర్లతో కాదు. ఇది బోదకాలు ముసల్దాని ఇల్లు, ఇది కవలపిల్లల ఇల్లు, ఇది మజ్జిగ అడిగితే లేదనని ఇల్లు. రోడ్డు ఎక్కడమ్మమ్మా అని అడిగితే "రోడ్డు మీద మాకేటి పని" అంది. టోపోషీటులో అన్నిటికంటే ముందు కంటికి కనిపించేది ఆ రోడ్డే. ఎర్రగా, లావుగా.

ఆ ముగ్గుని ఫొటో తీసుకున్నాను. ఇంటికి వచ్చి షీటు పక్కన పెట్టి చూస్తే చెరువు ఆకారం దాదాపు సరిగ్గా సరిపోయింది. చెరువుకి తూర్పున ఒక చోట గట్టు లోపలికి వంపు తిరిగి ఉంటుంది షీటులో. ముగ్గులోనూ ఆ వంపు ఉంది. షీటులో ఊరి నుంచి తీరం వైపు చుక్కలచుక్కలుగా ఒక కాలిబాట ఉంది, దానికి పేరు లేదు. చిన్నమ్మమ్మ ముగ్గులో అదే బాట "చేపలోళ్ళ దారి". గంగవరం వైపు నుంచి ఆడవాళ్ళు తెల్లారకుండానే చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఆ దారంటే వచ్చేవాళ్ళట. డబ్బులు లేకపోతే ధాన్యం, చోళ్ళు (రాగులు) కొలిచి ఇచ్చేవాళ్ళట. ఆ చుక్కల గీత మీద అన్ని కాళ్ళు నడిచాయని సర్వేయరుకి చెప్పినవాళ్ళు లేరు. అడిగినవాళ్ళూ లేరేమో.

ఎవరిని అడిగారన్నది పెద్ద ప్రశ్నే. సర్వే బృందం ఊళ్ళోకి వస్తే పేర్లు చెప్పేది మునసబో, కరణమో, పెద్దరైతో. వాళ్ళ నోటి మాటని ఇంకొకరు ఇంగ్లీషులో రాసుకునేవాళ్ళు. భీమునిపట్నం బిమ్లిపటం అయింది, వాల్తేరు వాల్టెయిర్ అయింది. పేరు వంకరపోవడం చిన్న నష్టం. అసలు పేరే రాయకపోవడం పెద్ద నష్టం. మా ఊరికి దక్షిణంగా, పొలం అవతల, నాలుగైదు ఎర్ర చుక్కలున్నాయి షీటులో. పేరు లేదు. అవేమిటని మా వాళ్ళని అడిగితే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మావయ్యే చెప్పాడు. అది దళితుల పేట. వాళ్ళకి పెద్దచెరువులో నీళ్ళు ముట్టుకునే వీలుండేది కాదు, వేరే బావి ఉండేది, ఆ బావి షీటులో లేదు. ఆ పేటలో పుట్టిన ఒకాయన ఇప్పుడు అగనంపూడి వైపు ఉంటున్నారు. ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. పేట పేరు చెప్పారు, బావి ఎక్కడుండేదో చెప్పారు, దాన్ని తవ్వినవాళ్ళలో తన తండ్రి ఒకరని చెప్పారు. "రాస్తారా?" అని రెండుసార్లు అడిగారు. ఆయన ముందే, షీటు జిరాక్సు మీద, తెలుగులో రాశాను. చుక్కల కింద పేరు చూసుకుని చాలాసేపు ఆ కాగితం వదల్లేదు.

ఊళ్ళ పేర్లకి ఎంత జ్ఞాపకశక్తి ఉంటుందో చెప్పడానికి నాకు ఎప్పుడూ తొట్లకొండ గుర్తొస్తుంది. 1970ల్లో నౌకాదళం ఆకాశం నుంచి సర్వే చేసినప్పుడు ఆ కొండ మీద బౌద్ధారామం ఉన్న సంగతి బయటపడింది, 1988 నుంచి తవ్వకాలు జరిగాయి. కానీ కొండ మీద రాతిలో తొలిచిన నీటితొట్లని చూసి దానికి తొట్లకొండ అని పేరు పెట్టినవాళ్ళు ఎప్పట్నుంచో కింద ఊళ్ళలో ఉన్నారు. పక్కనున్న బావికొండ సంగతీ అంతే. పేరు అక్కడే ఉంది, ఎందుకా పేరు వచ్చిందని అడగడానికి మనకి ఇంతకాలం పట్టింది.

నాతో వాదించేవాళ్ళు రెండు మాటలంటారు. గూగుల్ ఎర్త్‌లో పాత ఫొటోలున్నాయి కదా, ఈ కాగితాలెందుకని ఒకటి. మన వైపు అందులో పనికొచ్చే పాత ఫొటోలు ఈ శతాబ్దానివే. అప్పటికి మా ఊరు పోయి ఇరవై ఏళ్ళయింది. నిజంగా పాత ఉపగ్రహ చిత్రాలు కావాలంటే కరోనా ఉన్నాయి. 1960 నుంచి 1972 దాకా అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసిన ఫొటోలవి, 1995లో బయటపెట్టారు. ప్లాంటు రాకముందు కాలం కనుక అవి మనలాంటి వాళ్ళకి నిధి. అయినా ఫొటోలో చెరువు నల్లటి మరకలా కనిపిస్తుంది తప్ప దాని పేరు కనిపించదు. పేరున్న ఆధారం పటమే.

రెండో మాట, రెవెన్యూ రికార్డులుండగా టోపోషీటు దేనికని. రెండూ వేర్వేరు. ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం), అడంగల్ (సాగు లెక్కల పుస్తకం), గ్రామ నక్షా నేల ఎవరిదో చెబుతాయి, నేల ఎలా ఉందో టోపోషీటు చెబుతుంది. పైగా జమీందారీల కింద ఉన్న ఊళ్ళకి రైత్వారీ సెటిల్‌మెంటు, అంటే భూమి కొలిచి నేరుగా రైతు పేరు మీద శిస్తు కట్టడం, జరిగింది 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే. అంతకు ముందు సంగతి రెవెన్యూ కాగితాల్లో వెతకడం కష్టం. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. కాలనీలో ఒకాయన ఈ షీటు కోర్టులో పెడితే తన ఎకరం తనకి వస్తుందా అని ఆశగా అడిగాడు. రాదు. ఇందులో సర్వే నంబరు ఉండదు, పట్టాదారు పేరు ఉండదు, గట్టు తగాదా తేల్చేంత సూక్ష్మత ఒక అంగుళం-ఒక మైలు పటానికి ఉండదు. ఆయనకి ఆ మాట చెప్పడం కష్టమే అనిపించింది, కానీ లేని ఆశ పెట్టడం ఇంకా తప్పు.

షీట్లు ఎలా సంపాదించాలని చాలామంది అడుగుతున్నారు. తీరప్రాంతం షీట్లు చాలాకాలం "రిస్ట్రిక్టెడ్" ముద్రతో సామాన్యుడికి అందకుండా ఉండేవి. నేను ఒక ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాను, అడిగిన ప్రతిసారీ కొత్త దరఖాస్తు రాయించారు. చివరికి పాత షీటు భూగోళం చెప్పిన మా మాస్టారి బీరువాలో దొరికింది. ఇప్పుడు పరిస్థితి మారింది. 2005 పటాల విధానంతో ప్రజలకి వేరే సిరీస్ వచ్చింది, 2021లో నిబంధనలు బాగా సడలించారు, సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైట్ నుంచి ఇప్పటి షీట్లు దించుకోవచ్చు. పాతవాటికి ఇంకో దారి ఉంది. 1950ల్లో అమెరికా సైన్యం పటాల విభాగం వేసిన యు502 సిరీస్‌ని టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ ఉచితంగా పెట్టింది. అది 1:250,000 స్కేలు, సెంటీమీటరుకి రెండున్నర కిలోమీటర్లు. చిన్న పల్లెలు చాలావరకు పేరుతో ఉంటాయి, చెరువు వంపులు మాత్రం ఆశించకండి.

కంప్యూటర్‌లో పాత పటం మీద ఇప్పటి పటం పరిచేవాళ్ళకి ఒక్క మాట. పాతవి ఎవరెస్ట్ అనే పాత లెక్కన భూమి ఆకారాన్ని తీసుకుని గీసినవి, ఇప్పటి జీపీఎస్ డబ్ల్యూజీఎస్84 అనే కొత్త లెక్కన నడుస్తుంది. అంచు మీది అక్షాంశ రేఖాంశాలు ఉన్నవి ఉన్నట్టు ఎక్కిస్తే ఊరు కొన్ని వందల అడుగులు పక్కకి పడుతుంది. నేను క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో మొదటిసారి పెట్టినప్పుడు అప్పికొండ సోమేశ్వరస్వామి గుడి ఉన్నచోట ఉండకుండా జరిగిపోయింది. అప్పటికీ ఇప్పటికీ కదలనివి చూసి బిగించుకోవాలి. పాత గుడులు, రైలు వంతెనలు, కొండ కొనమీది సర్వే రాళ్ళు బాగా పనికొస్తాయి. అప్పికొండ గుడి మాకు ఆ రకంగానూ దిక్కైంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ లేచిపోయాక కూడా సముద్రం ఒడ్డున అది ఉన్నచోటే ఉంది. శివరాత్రికి మా వాళ్ళు ఇప్పటికీ అక్కడికి వెళ్తారు.

మొన్న శివరాత్రికి మావయ్యని, చిన్నమ్మమ్మని తీసుకుని నేనూ వెళ్ళాను. దర్శనం అయ్యాక గుడి దగ్గర కూర్చుని జిరాక్సు విప్పాను. ఇప్పటికి దానిమీద తెలుగులో 43 పేర్లు రాశాం. అక్కడే ఇంకో ఊరి నిర్వాసితులు ఫలహారం చేస్తున్నారు. ఒక పెద్దాయన వంగి చూసి, మా పెద్దచెరువు మీద వేలు పెట్టి, "ఈ చెరువు మాది గదా. ఆయకట్టు సగం మావోళ్ళదే. మేం దీన్ని కొత్తసాగరం అనేవోళ్ళం" అన్నాడు. మావయ్య ఒప్పుకోలేదు. మదుం ఎవరి వైపు ఉందని మొదలై, కరువు ఏడాదిలో రాత్రిపూట నీళ్ళు ఎవరు మళ్ళించారన్న దాకా వెళ్ళింది. ఇద్దరికీ గొంతులు లేచాయి. చిన్నమ్మమ్మ ఇద్దర్నీ ఆగమని చెప్పి, నావైపు తిరిగి, "రెండు పేర్లూ రాయమ్మా" అంది.

పెన్ను తీసి నీలిరంగు పక్కన ఖాళీ కోసం చూశాను. జిరాక్సులో చోటు లేదు. ఆ పెద్దాయన ఫోన్ నంబరు తీసుకున్నాను. వచ్చే ఆదివారం వాళ్ళ కాలనీకి పెద్ద కాగితం పట్టుకుని వస్తానని చెప్పాను. మావయ్య కూడా వస్తానన్నాడు.